పాత ఇంజన్ ఎందుకు పోయిందో తేల్చాకే కొత్తది ఎక్కించండి

సంపాదకుల వారికి,

పికప్ బండికి ఇంజన్ మార్చిన కొన్నాళ్లకే కొత్తది కూడా మొరాయిస్తే యజమాని అమ్మినవాణ్ని తిడతాడు, అమ్మినవాడు బిగించినవాడి మీదకు తోస్తాడు. పాత ఇంజన్‌ను తినేసిన లోపం బండిలోనే ఉండిపోయిందేమోనని చూసేవాళ్లు తక్కువ. మీ వాహనాల పేజీలో ఈ సంగతికి కాస్త చోటివ్వమని కోరుతూ రాస్తున్నాను.

వేడెక్కి సీజయిన ఇంజన్‌ను దించి ఇంకోటి ఎక్కిస్తారు. రేడియేటర్ మాత్రం పాతదే ఉంచేస్తారు. దాని సన్న గొట్టాల్లో సున్నం పేరుకుని ఉంటే ఖాళీ బండిలో టెంపరేచర్ ముల్లు సగం దాటదు, లోడేసుకుని ఎత్తు ఎక్కేసరికి పైకి లేస్తుంది. బండి బాగా వేడెక్కాక ఆపేసి, ఫ్యాన్ నిలిచాక రేడియేటర్ మీద చెయ్యి జరుపుతూ చూస్తే చల్లగా తగిలేచోట దారి మూసుకుపోయినట్టే. థర్మోస్టాట్, రేడియేటర్ మూత, హోస్ పైపులు ఎలాగూ మార్చాలి. ఇంజన్ బయట ఉన్నప్పుడు వాటర్ పంపు మార్చడం ఎంతో తేలిక.

బేరింగులు కొట్టేసిన ఇంజన్ సంగతి ఇంకా ప్రమాదకరం. ఆ లోహపు పొడి ఆయిల్‌తో పాటు ఆయిల్ కూలర్‌లోకి వెళ్లి రేకుల మధ్య ఇరుక్కుంటుంది. డీజిల్ పోసి ఎంత కడిగినా పూర్తిగా రాదు, ఆ తర్వాత కొద్దికొద్దిగా ఊడి కొత్త బేరింగుల మీదకే వస్తుంది. అందుకే కూలర్ కొత్తది వేయాల్సిందే, ఇందులో బేరం లేదు. ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బో రెక్కలు విరిగి ఉంటే, ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ విప్పి ముక్కలు, నిలిచిన ఆయిల్ తీసేయాలి. ఆ ఆయిల్‌నే ఇంధనంగా పీల్చుకుని డీజిల్ ఇంజన్ అదుపు తప్పి పరుగెత్తితే, తాళం తిప్పేసినా ఆగదు. పిస్టన్‌కు బెజ్జం పడిన ఇంజన్ నాజిళ్లను (డీజిల్ చిమ్మేవి) పరీక్షించకుండా కొత్తదానికి వేస్తే, కారుతున్న నాజిల్ మళ్లీ అదే బెజ్జం పెడుతుంది.

వాడిన ఇంజన్ కొంటుంటే నేల మీద ఉన్నప్పుడే చూసుకోవాలి. క్రాంక్‌ను, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసును, చేత్తో రెండు చుట్లు తిప్పాలి. ఎక్కడా పట్టేయకూడదు. ఆయిల్ చాంబర్ విప్పి అడుగున మెరిసే పొడి ఉందేమో, ఆయిల్‌లో నీళ్లు కలిసి పాలు పోసిన టీలా మారిందేమో చూడాలి. కంప్రెషన్‌లో సిలిండర్ల మధ్య తేడా 10 నుంచి 15 శాతం మించితే ఆ ఇంజన్ వదిలేయడమే మంచిది. వెనక ఆయిల్ సీలు, టైమింగ్ బెల్ట్, దాని టెన్షనర్ అప్పుడే మార్చాలి. బెల్ట్ వేశాక కూడా చేత్తో రెండు చుట్లు తిప్పి గుర్తులు కలిశాయో లేదో చూడాలి. క్రాంక్ రెండు చుట్లు తిరిగితేనే వాల్వులు తెరిచే క్యామ్ ఒక చుట్టు పూర్తవుతుంది. బెల్ట్ ఒక్క పన్ను తప్పినా స్కానర్‌లో పి0016 కోడ్ (క్రాంక్, క్యామ్ పొంతన కుదరలేదని) రావచ్చు.

గేర్‌బాక్స్ కలిపేటప్పుడు జరిగే పొరపాట్లు నెలల తర్వాత గానీ బయటపడవు. ఇంజన్ వెనక గేర్‌బాక్స్‌ను సరైన చోట నిలిపే రెండు డోవెల్ పిన్నులు పాత ఇంజన్‌కే అంటుకుని పోతుంటాయి. అవి లేకుండా బిగిస్తే గేర్‌బాక్స్ వెంట్రుకవాసి పక్కకు కూర్చుంటుంది, క్లచ్ వణుకుతుంది, ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ అరుగుతుంది. ఆటోమేటిక్ బండిలో క్లచ్ బదులు ఉండే టార్క్ కన్వర్టర్‌ను తిప్పుతూ నెడితే అంచెలంచెలుగా లోపలికి దిగి పంపులో కూర్చోవాలి. గేర్‌బాక్స్ ఇంజన్‌కు చేతిబలంతోనే ఆనాలి. బోల్టులతో లాగి దగ్గరకు తెచ్చారంటే పంపు పగిలినట్టే.

పైకి కవల పిల్లల్లా ఉన్న ఇంజన్లు లోపల వేరు కావచ్చు. జనరల్ మోటార్స్ పికప్‌ల వీ8 ఇంజన్లలో కొన్నిటికి క్రాంక్ ఎక్కడుందో కంప్యూటర్‌కు చెప్పే సెన్సర్ చక్రం 24 గుర్తులది, కొన్నిటికి 58ది. బండి కంప్యూటర్‌కు తెలిసిన చక్రం కాకపోతే సెల్ఫ్ ఎంత తిరిగినా ఇంజన్ అందుకోదు. కొనేముందే ఆ సంగతి అడగాలి. సెన్సర్లు, వైరింగ్ పాత బండివే వాడుకోవడం క్షేమం.

మొదటిసారి స్టార్ట్ చేసేముందు ఇంజన్ అందుకోకుండా క్రాంక్ సెన్సర్ కనెక్టర్ తీసేసి, పది సెకన్ల చొప్పున మధ్యలో నిమిషం ఆగుతూ, ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టాలి. టర్బో ఆయిల్ రంధ్రంలో ముందే కాస్త ఆయిల్ పోయాలి. పొడి బేరింగుల మీద తిరిగే ఆ మొదటి క్షణాలే చాలా ఇంజన్ల ఆయుష్షు తగ్గిస్తాయి.

ఇక సెల్ఫ్ నీరసంగా తిరిగితే బ్యాటరీని నిందించే ముందు ఇంజన్‌ను బ్యాటరీ మైనస్‌తో కలిపే ఎర్త్ పట్టీ వేశారో లేదో చూడండి. ఎక్కువగా మరిచిపోయేది అదే. మల్టీమీటర్ ఒక కొన బ్యాటరీ మైనస్‌కు, రెండోది ఇంజన్ ఒంటికి పెట్టి సెల్ఫ్ కొట్టినప్పుడు 0.2 వోల్టుకు మించి చూపిస్తే ఎర్త్ బాగాలేదు. పట్టీ లేకపోతే ఆ కరెంటు యాక్సిలరేటర్ కేబుల్ గుండా తిరిగి వెళ్లి దాన్నే కాల్చేస్తుంది.

సెల్ఫ్ బాగానే తిరిగి ఇంజన్ అందుకోకపోతే, డీజిల్‌లో ఎయిర్ తీశారా అన్నది మొదటి ప్రశ్న. చాలా కామన్ రైల్ ఇంజన్లలో (అన్ని నాజిళ్లకూ ఒకే గొట్టం నుంచి డీజిల్ అందేవి) ఆ గొట్టంలోని రైల్ ప్రెషర్ దాదాపు 200 బార్‌కు చేరకపోతే నాజిళ్లు తెరుచుకోవు. అంత రాకపోతే నాజిళ్ల రిటర్న్ పైపులు విడివిడిగా సీసాల్లో పెట్టి సెల్ఫ్ కొట్టండి. ఏ సీసా త్వరగా నిండితే ఆ నాజిల్ పోయింది. అయితే ఎయిర్ తీయాలని పాత పద్ధతిలో హై ప్రెషర్ పైపు నట్టు వదులు చేయకండి. ఆ ధార చర్మంలోకి దూసుకుపోతుంది. నాజిళ్లు మార్చితే వాటి మీది కోడ్‌ను కంప్యూటర్‌కు ఎక్కించాలి, లేకుంటే పొగ, వణుకు తప్పవు.

హీటర్ చల్లగాలి కొడుతూ టెంపరేచర్ ముల్లు ఎగిరి పడుతుంటే కూలెంట్‌లో ఎయిర్ ఉంది. చల్లటి ఇంజన్‌ను స్టార్ట్ చేసిన నిమిషంలోపే పై హోస్ రాయిలా గట్టిపడితే మాత్రం హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి.

మొదటి 1000 కిలోమీటర్లకు ఆయిల్ మార్చి, తీసిన ఫిల్టర్‌ను కోసి మడతల్లో మెరిసే పొడి ఉందేమో చూడండి. గ్యారేజీ వారికి నా విన్నపం ఒక్కటే. బిల్లు మీద ఇంజన్ మార్పు అని రాసిన చోటనే పాతది పోవడానికి కారణమేంటో, దానికోసం ఇంకేం మార్చారో కూడా ఒక వరుస రాయండి.

ఇట్లు,
ఒక డీజిల్ మెకానిక్