ప్రైమర్ ఒక్కదాన్నే నమ్ముకోకు

తల్లీ,

నువ్వు సొంతంగా నింపుకుని పేల్చిన రైఫిల్ తూటాల ఖాళీ కేసుల (ఇత్తడి గొట్టాల) ఫోటోలు పెద్దవి చేసి చూశాను. ప్రైమర్లు, అంటే పిన్ దెబ్బకి పౌడర్‌ని అంటించే కేసు అడుగునున్న చిన్న మూతలు, బాగానే ఉన్నాయి కాబట్టి తూటాలో పౌడర్ ఇంకొంచెం పెంచొచ్చా అని అడిగావు. వద్దమ్మా. ఎందుకో చెప్తాను, ఓపిగ్గా చదువు.

పేల్చని తూటా అడుగున ప్రైమర్ అంచు గుండ్రంగా వంగి ఉంటుంది. దానికీ ఇత్తడికీ మధ్య చుట్టూ సన్నని గాడి ఉంటుంది. పేల్చిన కేసును వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుని భూతద్దంతో ఆ గాడి కోసం వెతుకు. ప్రైమర్ చదునుగా పరుచుకుని గాడి పూడిపోయి ఉంటే పేలినప్పుడు లోపలి గ్యాస్ ఒత్తిడి ఎక్కువైందని అనుమానించాలి. అనుమానమే, రుజువు కాదు. చాంబర్‌లో, అంటే రైఫిల్‌లో తూటా కూర్చునే చోట, కేసు వదులుగా ఉన్నా ఇలాగే అవుతుంది. ముందు ప్రైమర్ వెనక్కి పొడుచుకొస్తుంది, ఆ వెంటనే కేసు కూడా వెనక్కి జరిగి చాంబర్‌ని వెనక నుంచి మూసే బోల్ట్‌కి ఆనుకునేసరికి ప్రైమర్ మధ్యలో నలిగి చదునవుతుంది. ప్రైమర్ మీద ఫైరింగ్ పిన్ కొట్టిన గుంట చుట్టూ లోహం గట్టులా లేచినా అంతే. బోల్ట్‌లో ఆ పిన్ బయటికొచ్చే రంధ్రం కాస్త పెద్దదైతే మామూలు తూటాకీ ఆ గట్టు వస్తుంది.

నాకు అసలు భయం దీనికి ఎదురు పక్కన ఉంది. ప్రైమర్ కప్పు మందం, గట్టిదనం కంపెనీని బట్టి మారతాయి. గట్టి కప్పు అయితే ఒత్తిడి హద్దు దాటినా ఏమీ ఎరగనట్టు గుండ్రంగానే ఉండిపోతుంది. అమెరికాలో తుపాకులు, తూటాల ప్రమాణాల సంస్థ సామీ లెక్కలు చూడు. నీ .308 విన్‌చెస్టర్ రకం తూటాకి గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు, పాత .30-30కి 42,000. రెండింటిలోనూ వాడేది లార్జ్ రైఫిల్ ప్రైమరే. 62,000 తట్టుకునే ప్రైమర్, .30-30లో 42,000 దాటగానే హెచ్చరిస్తుందా? అందుకే దాని మౌనాన్ని అనుమతి అనుకోకూడదు.

మరి దేన్ని నమ్మాలి? తూటాలు నింపే మాన్యువల్‌లో ఇచ్చిన తక్కువ లోడ్‌తో (పౌడర్ కొలతతో) మొదలుపెట్టి మెల్లగా పెంచు. బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ పెట్టు. ఆ లోడ్‌కి మాన్యువల్ చెప్పిన దానికంటే వేగం బాగా ఎక్కువొస్తే, కేసు ఎంత అందంగా ఉన్నా ఒత్తిడి కూడా పెరిగిందనే లెక్క. అదే రైఫిల్‌లో పేల్చిన ఫ్యాక్టరీ తూటా కేసుని పక్కన పెట్టుకుని పోల్చు. ఎండలో వేడెక్కిన తూటాలు మాత్రం పేల్చకు.

బోల్ట్ పిడి లేపడం కష్టమైనా, కేసు అడుగున ఎజెక్టర్ (ఖాళీ కేసుని బయటికి నెట్టే భాగం) ముద్ర మెరిసినా, ప్రైమర్ చుట్టూ నల్లని మసి పట్టినా అక్కడే ఆపెయ్యి. ప్రైమర్‌కి చిల్లు పడితే వేడి గ్యాస్ మొహం మీదికే వస్తుంది, కళ్లద్దాలు లేకుండా రైఫిల్ ముట్టుకోకు. ఆ లోడ్‌తో మిగిలిన తూటాల్లో ఇంకొక్కటి కూడా పేల్చకుండా బుల్లెట్లు ఊడదియ్యి. కొత్త ప్రైమర్ వేలితో నొక్కితే దిగిపోయేంత వదులైన కేసుల్ని మళ్లీ వాడకుండా నలిపి పారెయ్యి.

మీ నాన్న