స్టేజీ మీద శృతి చేసుకోడానికి 20 నిమిషాలు ఇవ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను బెంగళూరులో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నా, మాది రాజమండ్రి, ఇక్కడ మారతహళ్ళిలో ఉంటాను. మొన్న ఉగాదికి ఒక తెలుగు సంఘం వాళ్ళ ప్రోగ్రాంలో మా స్టూడెంట్స్ నలుగురం జపాన్ వాయిద్యాలు వాయించాం, మూడు కోటోలు, షాకుహాచి అనే ఒక వేణువు. ఆ రోజు జరిగింది చూశాక సభలు పెట్టేవాళ్ళకి ఒక మాట చెప్పాలనిపించింది. ఇది మా నలుగురి బాధే కాదు, వీణ వాయించేవాళ్ళని అడిగినా ఇదే చెప్తారు.

కోటో అంటే చాలామందికి తెలీదు కాబట్టి కొంచెం చెప్తాను. దాదాపు ఆరడుగుల పొడవు, కిరి అని తేలికైన చెక్క, 13 తీగలు. కుడిచేతి బొటనవేలికి, చూపుడువేలికి, మధ్యవేలికి ‘త్సుమే’ తొడుక్కుని మీటుతాం, ఆ మాటకి అర్థం గోరు అనే. మా అమ్మమ్మ బొబ్బిలి వీణకి మెట్లు మైనంలో గట్టిగా కూర్చుని ఉంటాయి. కోటోకి మెట్లే ఉండవు, ఒక్కో తీగ కింద ఒక్కో చిన్న బ్రిడ్జి, దాన్ని ‘జి’ అంటారు, అది దేనికీ అంటించి ఉండదు, తీగ బిగువుకే నిలబడుతుంది. దాన్ని అటూ ఇటూ జరపడమే శృతి చెయ్యడం. మూడు కోటోలంటే 39 బ్రిడ్జిలు, చెయ్యి తగిలితే ఏదైనా పడిపోవచ్చు.

ఎనిమిది నెలలు ప్రతి ఆదివారం ప్రాక్టీస్ చేశాం. మేము నేర్చుకున్నది ‘రోకుదాన్’, 17వ శతాబ్దంలో యాత్సుహాషి కెంగ్యో అనే చూపులేని విద్వాంసుడు కట్టాడని చెప్తారు, ఆరు భాగాలు, మొదట్లో వచ్చే చిన్న ఎత్తుగడ వదిలేస్తే ఒక్కో భాగం 104 బీట్లు. నిదానంగా మొదలై పోనుపోను వేగం పెరిగి చివర్లో మళ్ళీ నెమ్మదిస్తుంది. తాళం వేసేవాళ్ళుండరు, ముందు చెయ్యి ఊపేవాళ్ళుండరు, పక్కవాళ్ళ ఊపిరి విని అందరం ఒకేసారి మీటాలి, మాకు మొదటి మూడు నెలలు అదే కుదర్లేదు. మృదంగం వాళ్ళు తకధిమి అని నోటితో చెప్పుకున్నట్టే దీనికీ నోటిపాఠం ఉంది, వరసగా మూడు తీగలు కిందకి దిగితే ‘కోరోరిన్’ అంటాం, నేను బస్సులో కూర్చుని అది అనుకుంటూనే ఉండేదాన్ని.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. ఈ పాటకి తీగల్ని ‘హిరాజోషి’ అనే వరసలో శృతి చేస్తారు. ఒకరోజు ఊరికే ఐదో తీగ నుంచి పదో తీగ దాకా మీటితే అచ్చంగా మన కర్ణాటక శుద్ధ సావేరి రాగం! సరే అని ఆరో తీగని షడ్జమం, అంటే ‘స’, అనుకుని చూశాను, ఏడు అంతర గాంధారం, ఎనిమిది ప్రతిమధ్యమం, తొమ్మిది పంచమం, పది కాకలి నిషాదం, పదకొండు పై షడ్జమం, అంటే అమృతవర్షిణి రాగం. ఒక్క బ్రిడ్జి కూడా జరపలేదు. చిన్నప్పుడు పాట క్లాసులో గ్రహభేదం అని, అవే స్వరాల్లో ‘స’ని మారిస్తే వేరే రాగం వస్తుందని చెప్తే తలకెక్కలేదు గానీ ఆరోజు నా వేళ్ళకింద కనిపించింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మా సెన్సేయ్‌కి, అంటే మా టీచర్‌కి, చూపిస్తే ఆవిడ నాతో ఆరోతీగ నుంచి పదిసార్లు వాయింపించుకుని విని, ఉగాదికి మీవాళ్ళ ముందు రెండు నిమిషాలు ఇదే మొదలుపెట్టు అన్నారు. ఎడంచేత్తో బ్రిడ్జికి అవతల తీగని నొక్కితే స్వరం పైకి లేస్తుంది, అలా గమకం పలికించడానికి నెలరోజులు పట్టింది, వేళ్ళు కాయలు కాశాయి.

ఆరోజు సాయంత్రం 5 గంటలకల్లా లోపల గదిలో అన్నీ శృతి చేసి పెట్టుకున్నాం. మా ఐటం 6కి అన్నారు. ఈలోగా సన్మానాలు మొదలయ్యాయి, శాలువాలు, మెమెంటోలు, ఫోటోలు, 6:50 అయ్యింది. ఉన్నట్టుండి పిలిచారు, ఒక వాలంటీర్ తమ్ముడు సాయం చేద్దామనే కోటోని ఒక పక్కన ఎత్తాడు, టకటకా మూడు బ్రిడ్జిలు పడ్డాయి. నిలబెట్టుకుంటుంటే యాంకర్ గారు మైకులో “ఇప్పుడు చైనీస్ మ్యూజిక్” అనేశారు. కోటో మూలం చైనానే, 8వ శతాబ్దం నాటికే జపాన్ చేరింది, కానీ 1200 ఏళ్ళు పైగా అక్కడే పెరిగిన వాయిద్యానికి దాని పేరు చెప్పాలి కదండీ. రెండు నిమిషాల్లో మొదలుపెట్టండి ప్లీజ్ అని పక్కనుంచి ఒకటే తొందర. షాకుహాచి వెదురుది, ఊదుతూ వేడెక్కేకొద్దీ శృతి పైకి పోతుంది, అందుకే ముందు కాసేపు ఊదుకోవాలి, ఏసీ హాల్లో ఆ అబ్బాయికి ఆ టైం కూడా దొరకలేదు.

వాయించడం మొదలుపెట్టాను. ముందువరసలో ఒక పెద్దాయన, పంచె కట్టుకుని, కళ్ళు మూసుకుని తొడమీద వేలు ఆడిస్తున్నారు, రాగం పట్టేశారని నాకు తెలిసింది. సరిగ్గా అప్పుడు ఎనిమిదో తీగ దిగిపోయింది, అది పడిన బ్రిడ్జిల్లో ఒకటి. ప్రతిమధ్యమం పోతే అమృతవర్షిణిలో ఇంకేం మిగులుతుంది? ఆయన కళ్ళు తెరిచారు. అయిపోయాక దగ్గరకొచ్చి “శృతి చూసుకోవాల్సిందమ్మా” అన్నారు ప్రేమగానే. నాకు జవాబు రాలేదు, అవునండి అన్నాను అంతే.

అందుకే అడుగుతున్నా. తీగల వాయిద్యం ఏదున్నా సన్మానం దానికి ముందో తర్వాతో పెట్టుకోండి, శృతి చేసుకోడానికీ వాయించడానికీ మధ్యలో ఇరికించొద్దు. తెర వేసి 20 నిమిషాలు వాయిద్యం దగ్గర మమ్మల్ని వదిలేయండి, మేము చెప్పకుండా ఎవరూ ఎత్తొద్దు. వాయిద్యం పేరు ఒకసారి మమ్మల్ని అడిగి కాగితం మీద రాసుకోండి.

దసరాకి అదే సంఘం వాళ్ళు మళ్ళీ పిలిచారు, తప్పకుండా వెళ్తాం. ఆ పెద్దాయన వస్తే మొదట అమృతవర్షిణే వాయిస్తాను.

ఇట్లు,
ఒక కోటో విద్యార్థిని, బెంగళూరు