సిక్ రూమ్ రిజిస్టరు కూడా చూడండి

సంపాదకులకు నమస్కారం.

పరీక్షలు దగ్గరపడుతున్నాయని మీ పత్రికలో ఒత్తిడిని తట్టుకోవడం మీద నిపుణుల సలహాలు వేస్తున్నారు. ధ్యానం చెయ్యమంటున్నారు, పాటలు వినమంటున్నారు. మంచిదే. కానీ తెల్లవారుజామున అయిదింటికి బెల్లు కొట్టి, రాత్రి పది దాటేదాకా స్టడీ అవర్లో కూర్చోబెట్టే రెసిడెన్షియల్ కాలేజీల్లో పిల్లలు ఇవన్నీ ఎప్పుడు చెయ్యాలి? నేను ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా రిటైరయ్యాక, కొన్నేళ్లు ఒక ఆడపిల్లల రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీలో సిక్ రూమ్ చూశాను. ఆ అనుభవంతో రాస్తున్నాను.

"నాకు ఆందోళనగా ఉంది సిస్టర్" అంటూ ఏ పిల్లా రాలేదు. కడుపునొప్పి అని వచ్చేవాళ్లు. తలనొప్పి అనీ, వాంతి వచ్చేట్టుంది అనీ, గుండె దడదడలాడుతోంది అనీ, రెండు నెలలుగా నెలసరి రాలేదనీ వచ్చేవాళ్లు. వీకెండ్ టెస్టు ఉన్న రోజు పొద్దున, ర్యాంకుల లిస్టు బోర్డుకెక్కిన రోజు సాయంత్రం మంచాలు చాలేవి కావు. రిజిస్టరులో మాత్రం "కడుపునొప్పి, మాత్ర ఇవ్వడమైనది" అని ఉంటుంది. ఆ రిజిస్టరునూ టెస్టుల షెడ్యూలునూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు లేరు. ఫ్లోర్ ఇన్‌ఛార్జిలు దాన్ని నాటకమనేవారు. భయానికి పేగులు మెలిపెట్టడం, ఆకలి చచ్చిపోవడం శరీరం చేసే పని. అందులో నాటకం లేదు.

కొందరికి ఊపిరి ఎగశ్వాసలా వచ్చేది. అంత వేగంగా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడు తగ్గిపోయి పెదాల చుట్టూ, వేళ్ల చివర తిమ్మిరెక్కుతుంది, వేళ్లు కొంకర్లు పోతాయి. అది చూసి రూమ్మేట్లంతా చుట్టూ మూగి ఏడుపు మొదలుపెడితే ఆ పిల్ల ఇంకా బెదిరిపోతుంది. ముందు వాళ్లను బయటికి పంపేదాన్ని. నాడి చూసి, ఉబ్బసం ఉందా, పొద్దున ఏమన్నా తిన్నావా అని అడిగి, వేరే జబ్బు కాదనుకున్నాక పక్కన కూర్చుని నాలుగు లెక్కపెట్టే దాకా గాలి లోపలికి, ఆరు లెక్కపెట్టే దాకా బయటికి, నాతోపాటే తియ్యమనేదాన్ని. చాలామందికి పావుగంటలో సర్దుకునేది. మూతికి కాగితం సంచీ పెట్టే పాత అలవాటు మాత్రం మానేయాలి, ఉబ్బసం ఉన్నవాళ్లకు అది ప్రమాదం. సర్దుకోకపోయినా, గుండెలో నొప్పి అన్నా, స్పృహ తప్పినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

తేరుకున్నాక అడిగితే దాదాపు అందరిదీ ఒకటే వరస. రాత్రి దుప్పటి కింద టార్చి వేసుకుని చదవడం, పొద్దున టిఫిన్ మానేసి టీ తాగడం. చదివినది మెదడులో కుదురుకునేదే నిద్రలో. నీట్‌లో 180 ప్రశ్నలకు 180 నిమిషాలు, తప్పు రాస్తే మార్కు కోత. నిద్రలేని తలతో కూర్చుంటే వచ్చిన లెక్క కూడా రానట్టే ఉంటుంది. ఈ మాట పిల్లలకంటే ముందు టైమ్‌టేబుల్ వేసేవాళ్లకు చెప్పాలి.

పల్నాడు నుంచి వచ్చిన ఒక కౌలురైతు కూతురు బైపీసీ చదివేది. టెస్టుల్లో మార్కులు తగ్గాయని పై సెక్షన్ నుంచి కింది సెక్షన్‌కి మార్చారు. పాత స్నేహితుల ఎదురుగా కొత్త సెక్షన్‌తో కూర్చోలేక మెస్‌కి వెళ్లడమే మానేసింది. నీరసమని నా దగ్గరికొచ్చింది. "చచ్చిపోవాలనిపిస్తోందా తల్లీ?" అని సూటిగానే అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది జంకుతారు. పుట్టదు. లోపల దాచుకున్నది బయటపడుతుంది. అవునని ఏడ్చింది. ఒంటరిగా వదలకుండా నా దగ్గరే ఉంచుకుని, ఆ సాయంత్రమే అమ్మానాన్నలను పిలిపించి మానసిక వైద్యుడికి చూపించాం. మందులు వాడుతూ ఇంటి నుంచే పరీక్ష రాసింది. ఎంబీబీఎస్ సీటు రాలేదు, బీఫార్మసీలో చేరింది. పండగలకు ఇప్పటికీ ఫోన్ చేస్తుంది.

ఇలాంటి సెక్షన్ మార్పులను సుప్రీంకోర్టే తప్పుపట్టింది. 2023లో విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటున్న 17 ఏళ్ల అమ్మాయి హాస్టల్లో ఉంటూ చనిపోయిన కేసులో, 2025 జూలై 25న ఇచ్చిన తీర్పులో కోర్టు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. వీలైనంతవరకు మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయకూడదు, పదిమందిలో అవమానించకూడదు, శక్తికి మించిన లక్ష్యాలు పెట్టకూడదు. వందమంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతిచోటా అర్హత గల కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఒకరైనా ఉండాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. కోచింగ్ సెంటర్లకే కాదు, కాలేజీలకూ హాస్టళ్లకూ ఇది వర్తిస్తుంది. మన రాష్ట్రంలో పోయిన ప్రాణం మీద వచ్చిన తీర్పు ఇది. ముందు మన కాలేజీల్లో అమలు కావాలి.

హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో కనబడేలా రాసిపెట్టాలని కూడా కోర్టు చెప్పింది. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. 2022 నుంచి నడుస్తోంది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు. అయితే మేమున్న హాస్టల్లో పిల్లల దగ్గర ఫోన్ ఉండకూడదు. చాలా హాస్టళ్లలో అంతే. గోడ మీద నంబరుండి చేతిలో ఫోను లేకపోతే ఏం లాభం? వార్డెన్‌ని అడిగి, కారణం చెప్పి, ఆవిడ ఎదురుగా నిలబడి ఎవరు మాట్లాడతారు? అందుకని ప్రతి అంతస్తులో, కాస్త చాటుగా ఉండేచోట, ఎవరి అనుమతీ అడగకుండా 14416కి చేసుకునే ఫోన్ ఒకటి పెట్టించాలని రెండు రాష్ట్రాల ఇంటర్మీడియట్ బోర్డులనూ కోరుతున్నాను. తనిఖీకి వచ్చే అధికారులు వంటగది, మరుగుదొడ్లతో పాటు సిక్ రూమ్ రిజిస్టరునూ తిరగెయ్యాలి. టెస్టు రోజుల్లో ఎంతమంది పడుకున్నారో అందులోనే ఉంటుంది.

తల్లిదండ్రులకు ఒక మాట. వారానికి ఒకసారి దొరికే ఆ కాసేపు ఫోన్లో "ఎంత ర్యాంకమ్మా?" అని మొదలుపెట్టకండి. మార్కులు మెసేజ్‌లో మీకు ఎలాగూ వస్తాయి. మీ మెసేజ్‌లో రానివి అడగండి: నిద్ర పడుతోందా, ఎవరితో కూర్చుని తింటున్నావు, ఇంటికి రావాలనుందా అని. రావాలనుంది అంటే వెళ్లి తీసుకురండి. నాలుగు రోజులకు సిలబస్ ఎక్కడికీ పోదు. జనవరిలో జేఈఈ మెయిన్ బాగా రాయలేదని కుంగిపోయే పిల్లలకు, ఏప్రిల్‌లో మళ్లీ రాయొచ్చనీ రెండింటిలో మెరుగైన స్కోరే ర్యాంకుకు తీసుకుంటారనీ గుర్తుచెయ్యండి. ఆ క్షణంలో వాళ్లకు ఆ సంగతి తట్టదు.

చివరిగా మీకొక మనవి. ఫలితాలొచ్చిన మర్నాడు కాలేజీలు ఫొటోలతో, ర్యాంకులతో నిండు పేజీ ప్రకటనలు ఇస్తాయి. ఆ పేజీని ర్యాంకు రాని పిల్లలు కూడా చూస్తారు. వాళ్లను కనిపెట్టుకుని ఉండాల్సింది సరిగ్గా ఆ రోజే. అలాంటి ప్రతి ప్రకటన కింద 14416 నంబరును, చదవడానికి వీలైనంత పెద్ద అక్షరాల్లో, మీ ఖర్చుతోనే వెయ్యండి. ఈసారి ఫలితాల నుంచే మొదలుపెట్టమని కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత స్టాఫ్ నర్సు, తెనాలి