నాయన బ్యాటరీ లైటు

అనంతపురం

ఒరేయ్ మామా,

బాగున్నావా? ఇంట్లో అందరూ క్షేమమే కదా? మీ తాత ఇత్తడి బ్యాటరీ లైటుకు ఎల్‌ఈడీ వేయాలంటే ఏం చేయాలని ఫోన్‌లో అడిగావు. ఆ రోజు నేను కళ్యాణదుర్గం బస్సులో ఉన్నా, సగం మాటలు నీకు వినపడనే లేదు. ఈ రోజు తీరిక దొరికింది, మొత్తం రాస్తాను.

మా నాయన లైటు నీకు గుర్తుండే ఉంటుంది. రెండు పెద్ద సెల్లుల ఎవరెడీ. రాత్రిపూట త్రీఫేజ్ ఇచ్చే రోజుల్లో మోటారు వేయడానికి దాన్ని చంకలో పెట్టుకుని పోయేవాడు. మనిద్దరం కల్లంలో పడుకున్నప్పుడు అరచేతికి ఆనించి వెలిగించి, వేళ్లు ఎర్రగా మెరుస్తుంటే చూసుకునేవాళ్లం కదరా. ఆ లైటే.

ఈ ఏడు చెనిక్కాయకు ఊడలు దిగినప్పటి నుంచి అడవి పందుల బాధ ఎక్కువైంది. నాయన రోజూ మంచె మీదే కాపలా. ప్లాస్టిక్ చార్జింగ్ లైటు ఒకటి కొనిచ్చాను, రెండు రోజులకే పక్కన పెట్టేశాడు. "కాళ్ల దగ్గర పట్టపగల్లా ఉంది, అవతలి గట్టు మీద పంది ఉందో రాయి ఉందో తెలీడం లేదు" అన్నాడు. ఆయన చెప్పింది నిజం. దాని రిఫ్లెక్టర్ చిన్నది, లోపల చిన్న చిన్న ఎల్‌ఈడీలు గుంపుగా ఉన్నాయి, వెలుగంతా చెదిరిపోతుంది. పాత లైటుకు తల పెద్దది, రిఫ్లెక్టర్ లోతు. అది వెలుగును కూడగట్టి దూరం విసురుతుంది. అందుకే పాత ఒంట్లోకే కొత్త వెలుగు పెడదామనుకున్నాను.

మొదట సులువైన దారి చూశాను. పాత బల్బు బదులు అదే అచ్చులో ఎల్‌ఈడీ బల్బు వేసి, కొత్త సెల్లులు వేశాను. రెండు రాత్రులు బాగుంది, మూడో రాత్రి నీరసపడింది. తర్వాత లెక్క వేస్తే అర్థమైంది. ఒక్కో సెల్లు ఒకటిన్నర వోల్టు, రెండూ కలిపి మూడు. తెల్ల ఎల్‌ఈడీకి కూడా సుమారు మూడు కావాలి. సెల్లులు కొంచెం దిగగానే దాని పని అయిపోతుంది. తీగ బల్బయితే ఎర్రబడుతూనైనా వెలిగేది. వోల్టేజీ పెంచే చిన్న సర్క్యూట్ ఉన్న బల్బులు దొరుకుతాయి, అవి రెండు సెల్లుల మీద బాగా నడుస్తాయి. మీ తాత నెలకు ఒకటి రెండు సార్లే వాడేటట్టయితే నువ్వు అదే వేసెయ్, ఇక ముందుకు చదవక్కర్లేదు.

నాయనకు రాత్రంతా కావాలి కాబట్టి నేను మళ్లీ మళ్లీ చార్జ్ చేసుకునే లిథియం సెల్లుకు పోయాను. 18650 అంటారు, 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడవు. నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టులు. లోపల రక్షణ సర్క్యూట్ ఉన్నదే తీసుకో, అది మామూలు దానికన్నా నాలుగైదు మిల్లీమీటర్ల దాకా ఎక్కువ పొడవుంటుంది. చవగ్గా వస్తుందని పాత లాప్‌టాప్ బ్యాటరీల్లోంచి పీకినవి మాత్రం వద్దురా. ముసలాయన తలగడ పక్కన పెట్టుకునే వస్తువు అది. ఇత్తడి గొట్టంలో లూజుగా ఆడకుండా పీవీసీ పైపు ముక్క తొడిగాను. వెనక మిగిలిన ఖాళీలో వేపచెక్క బిళ్ల పెట్టి, దాని మధ్యలోంచి ఇత్తడి బోల్టు దించాను. సెల్లు నెగటివ్‌కు, మూతలోని స్ప్రింగుకు ఆ బోల్టే దారి.

సెల్లును నేరుగా ఎల్‌ఈడీకి కలపకూడదు. కరెంటు అదుపు తప్పితే ఎల్‌ఈడీ మాడిపోతుంది. మధ్యలో డ్రైవర్ అని రూపాయి బిళ్లంత బోర్డు ఉంటుంది, 7135 చిప్పు ఉన్నది అడుగు. ఒక్కో చిప్పు 350 మిల్లీయాంపులకు మించి పోనివ్వదు. మొదట రెండు చిప్పులది పెట్టి, వెనక వేడి పోయే ఏర్పాటేమీ లేకుండా పది నిమిషాలు వెలిగించాను. ఎల్‌ఈడీ నీలంగా మారి చచ్చిపోయింది. దానికిచ్చే కరెంటులో ఎక్కువ భాగం వేడిగానే మారుతుంది, ఆ వేడి ముందుకు రాదు, వెనక్కే దిగుతుంది. టవర్ క్లాక్ దగ్గర ఒక లేత్ షాపులో ఇత్తడి తలకు బిగుతుగా పట్టేటట్టు అల్యూమినియం బిళ్ల తిప్పించుకున్నాను. వేడిని బాగా దాటించే థర్మల్ పేస్టు రాసి దాని మీద ఎల్‌ఈడీ కూర్చోబెట్టాను, చిప్పు ఒక్కటే ఉంచాను. ఇప్పుడు ఒంటి ఇత్తడంతా వేడిని పంచుకుంటుంది, గోరువెచ్చగా ఉంటుంది అంతే. 2600 మిల్లీయాంప్-అవర్ల సెల్లు మీద ఏడు గంటలు వస్తుంది. వెలుగును ల్యూమెన్లలో కొలుస్తారు, పాత బల్బు పది పదిహేను ఇచ్చేదేమో, ఇది సుమారు వంద.

మామా, అన్నిటికన్నా ఎక్కువ సమయం తిన్నది ఎత్తు. పాత బల్బులో తీగ ఎక్కడ ఉండేదో సరిగ్గా అక్కడే ఎల్‌ఈడీ ఉండాలి. కొంచెం కిందికి దిగినా వెలుగు మధ్యలో నల్లటి గుండ్రం పడుతుంది. రాగిరేకు బిళ్లలు కత్తిరించి ఒక్కొక్కటే కింద పెడుతూ, రాత్రి నీళ్లట్యాంకు గోడ మీదికి వేసి చూశాను. మూడో బిళ్లకు మచ్చ పోయి, వెలుగు ముద్దలా ఒకచోట నిలిచింది. అప్పుడు నాకు కలిగిన సంతోషం నీకు ఎట్లా చెప్పాలో తెలీడం లేదు. ఒక్క జాగ్రత్త, రిఫ్లెక్టర్ లోపల వేలు గానీ గుడ్డ గానీ తగలనీయకు. ఆ మెరుగు పోతే మళ్లీ రాదు.

అంతా అయింది కదా అని ఇస్తే నాయన చేలో తిరిగొచ్చి, "దూరం బాగుంది రా, కానీ మట్టి మట్టిలాగా లేదు" అన్నాడు. వెంట పోయి చూశాను. మన ఎర్రనేల బూడిద పూసినట్టు కనిపిస్తోంది. ఎండుటాకు, రక్తపింజరి ఒకే రంగులో ఉంటే కాలెట్లా పెట్టాలి? ఎల్‌ఈడీలో తెల్ల వెలుగు దానంతట అది పుట్టదు. లోపల పుట్టేది నీలం, పైనున్న పసుపు పొడి దాన్ని తెల్లగా మారుస్తుంది. ఆ నీలం ఎల్‌ఈడీని సాధించినందుకే అకసాకి, అమానో, నకమురాలకు 2014లో ఫిజిక్స్ నోబెల్ వచ్చింది. వెలుగు రంగును కెల్విన్ అనే అంకెతో చెబుతారు, అంకె పెరిగేకొద్దీ నీలం పాలు ఎక్కువ. నేను కొన్నది 6500ది. తీసేసి 4000ది వేశాను. వెలుగు ఒక పిసరు తగ్గింది, మట్టికి రంగు వచ్చింది. ఆ రాత్రి అవతలి గట్టు మీద రెండు పందులు కనిపిస్తే నాయన నా చెయ్యి పట్టుకుని చూపించాడు. అందుకే నువ్వు కొనేటప్పుడే 4000 అని అడిగి తీసుకో, నాలాగా రెండుసార్లు కొనొద్దు.

చార్జింగ్ రంధ్రం కోసం ఇత్తడికి మాత్రం బెజ్జం వేయలేదు, మనసొప్పలేదు. సెల్లు బయటికి తీసి విడి చార్జర్‌లో పెడతాం. పాత బల్బుకు సెల్లులు తిరగేసి వేసినా వెలిగేది, దీనికి ప్లస్సు ముందుకే ఉండాలి. అమ్మకు, నాయనకు ఇద్దరికీ తెలియాలని పైపు మీద ఎర్రరంగుతో బాణం గీశాను.

మీ తాత లైటు రెండు సెల్లులదా, మూడు సెల్లులదా? తల విప్పి రిఫ్లెక్టర్ అడుగు రంధ్రం ఎంత వెడల్పుందో స్కేలుతో కొలిచి రాయి. లోపల పాత సెల్లులు కారి పచ్చగా పట్టి ఉంటే నిమ్మరసంతో తుడిచి ఆరబెట్టు, గీకొద్దు. దసరాకు వచ్చేటప్పుడు లైటు వెంట తెచ్చుకో. లేత్ షాపులో బిళ్ల నేను ముందే తిప్పించి పెడతాను, రాగిరేకు ఇంకా మిగిలే ఉంది.

ఇట్లు,
నీ మామ