తీర్పు చెప్పినవాళ్లు కారణమూ చెప్పాలి

సంపాదకుడు గారికి,

అయ్యా, పది రోజుల కిందట మీ క్రీడల పేజీలో వీడియో రిఫరీ మీద వ్యాసం వేశారు. వీఏఆర్, అంటే తెర మీద రీప్లే చూసి మైదానంలోని రిఫరీ తప్పు దిద్దే ఏర్పాటు, వస్తే ఫుట్‌బాల్‌లో అన్యాయానికి చోటుండదని అందులో రాశారు. అది చదివినప్పటి నుంచి నాకు మనసు కుదుటపడలేదు. నేను డ్రిల్లు మాస్టారుగా రిటైరయ్యాను. గుంటూరు జిల్లాలో ఏళ్ల తరబడి పిల్లల మ్యాచ్‌లకు విజిల్ ఊదాను.

2024 జూన్ 11న దోహాలో ఖతార్‌తో మన మ్యాచ్ ఎలా మర్చిపోతాం? మన ఆటగాడు చాంగ్టే గోల్‌తో మనమే ముందున్నాం. గెలిస్తే ప్రపంచ కప్ అర్హత పోటీల్లో మొదటిసారి మూడో రౌండుకు చేరేవాళ్లం. 73వ నిమిషంలో బంతి గోల్ పక్కగా గీత దాటి మైదానం బయటికి పోయింది, మనవాళ్లు ఆగిపోయారు. వాళ్లు దాన్ని లోపలికి లాగి కొడితే రిఫరీ గోల్ ఇచ్చేశాడు. ఆ రౌండులో వీఏఆర్ లేదు. 2-1తో ఓడాం. మన ఫెడరేషన్ ఫిర్యాదు చేసినా ఫలితం మారలేదు.

వీఏఆర్ ఉన్నచోట మాత్రం? 2023 సెప్టెంబరు 30న ఇంగ్లండ్ లీగ్‌లో టోటెన్‌హామ్ మీద లివర్‌పూల్ ఆటగాడు లూయిస్ దియాజ్ సక్రమంగా గోల్ కొట్టాడు. మైదానంలో ఆఫ్‌సైడ్ అని గోల్ ఇవ్వలేదు. తెర ముందున్నవాళ్లేమో మైదానంలో గోల్ ఇచ్చారనుకుని, చూడటం అయిపోయిందని చెప్పేశారు. పొరపాటు తెలిసేసరికి ఆట మళ్లీ మొదలైంది, ఇక ఆపలేదు. అయితే అక్కడి రిఫరీల సంస్థ తప్పు ఒప్పుకుంది. మూడు రోజులకు వాళ్ల మాటల రికార్డింగ్ బయటపెట్టింది. బాధ్యులను తర్వాతి మ్యాచ్‌ల నుంచి తప్పించింది. నేనడిగేది ఇదే. క్రికెట్‌లో థర్డ్ అంపైర్ మాట ఇప్పుడు ప్రతి ఇంట్లో వినపడుతోంది. 2023 మహిళల ఫుట్‌బాల్ ప్రపంచ కప్‌లో రిఫరీలు వీఏఆర్ నిర్ణయాన్ని మైకులో స్టేడియమంతటికీ చెప్పారు. మన దగ్గర ఎందుకు కుదరదు?

ఆటలోనే కాదు, ఎక్కడ చూసినా ఇదే తంతు. మా వీధిలో కాలువ పూడిపోయిందని ఫిర్యాదు చేస్తే, మనిషి రాకుండానే మూడో రోజు పరిష్కారమైందని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. ఎవరు మూసేశారండీ అంటే, సిస్టంలో క్లోజ్ అయిందన్నారు. ఎవరి పేరూ చెప్పరు. హెల్మెట్ లేకుండా రోడ్డెక్కితే మాత్రం మన ఫొటోతో సహా చలానా వస్తుంది. మామూలు జనం మీదికి తిరిగిన కెమెరా అధికారుల మీదికి ఎందుకు తిరగదు?

ఒకసారి స్కూలు పోటీల్లో బంతి ఒక పిల్లవాడి చేతికి తగలకపోయినా తగిలిందని అవతలి జట్టుకు పెనాల్టీ ఇచ్చాను. ఆ పిల్లవాడి జట్టు ఓడింది. ఆట అయ్యాక ఆ పిల్లవాడి దగ్గరికెళ్లి, "తప్పు నాదిరా" అన్నాను. వాడు కళ్లు తుడుచుకుని, "పర్లేదు సార్" అన్నాడు. నా ఉద్యోగం పోలేదు, పిల్లలు నన్ను తక్కువ చేసి చూడనూ లేదు.

మీకో విన్నపం. మ్యాచ్ వార్తలో గోల్ కొట్టినవాళ్ల పేర్లు వేస్తారు కదా, రిఫరీ పేరు కూడా వేయండి. గొడవైన నిర్ణయానికి ఆయన చెప్పిన కారణం పక్కనే వేయండి. చెప్పకపోతే, అడిగినా చెప్పలేదని వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత పీఈటీ,
సత్యనారాయణపురం, విజయవాడ