సరిగమలు ముందా, పాట ముందా?

అందరికీ నమస్కారం. "మా పాప సరళీ వరసలంటేనే (కర్ణాటక సంగీతంలో మొదట నేర్పే స్వర పాఠాలు) పారిపోతోంది, ఏం చేయాలి?" అని నిన్న గ్రూపులో ఒకరు అడిగారు కదా, దానికి నా జవాబు ఇది.

కొన్నాళ్లు వరసలు పక్కన పెట్టండి. ఎనిమిది అక్షరాల చిన్న పాట ఏదైనా అల్లండి. నేను అల్లింది: "రావే పిట్టా, గూటికి రా". దీన్ని స రి గ మ, గ రి స స మీద పాడించండి. పిట్ట ఎగిరి 'మ' మీద వాలుతుంది, తిరిగి 'స' గూటికి వస్తుంది. నోటికి వచ్చాక మాటలు తీసేసి, అదే బాణీలో స్వరాలు పలికించండి. అంతే, తనకి తెలియకుండానే సగం స్థాయి (కింది 'స' నుంచి పై 'స' దాకా ఉండే స్వరాల వరస) వచ్చేసినట్టు!

మిగతా సగం ఇంకా సులువు. మనం మొదలుపెట్టే మాయామాళవగౌళ రాగంలో (మేళకర్తలనే మూల రాగాల్లో 15వది) స రి గ మ మధ్య ఎంతెంత దూరాలో, ప ద ని స మధ్యా అంతే. అందుకే అదే పిట్టని 'ప' కొమ్మ మీంచి ఎగరేయండి: ప ద ని స, ని ద ప ప. పురందరదాసు పిల్లలకి ఈ రాగమే ఎంచుకున్నారని పెద్దలు చెప్తారు, ఊరికే కాదు.

ఒక్క చోట జాగ్రత్త. 'రి' నుంచి 'గ'కి దూరం ఎక్కువ, చాలామంది పిల్లలకి 'గ' కిందికి జారుతుంది. కోప్పడకుండా ఆ రెండు స్వరాలే నాలుగుసార్లు పాడి వినిపించండి. శృతి, అంటే 'స' పలికే ఎత్తు, కూడా పాప గొంతుకి తగ్గట్టే పెట్టండి, మీ గొంతుకి కాదు.

వాయిస్ మెసేజ్ పంపితే ఎక్కడ జారుతోందో విని చెప్తాను.