బాపు బల్ల తీసుకున్నాడు, అందరికీ వందనాలు

పోయిన మొదటి ఆదివారం మా బాపు ప్రభువు బల్లలో (యేసును తలుచుకుంటూ చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడంలో) పాలుపొందాడు. కొత్తవాళ్లకు అదేం విశేషం కాదు. చిన్నబాపు చనిపోయినప్పటి నుంచి రొట్టె పళ్లెం తన వరుస దాకా రాకముందే లేచి బయట నిలబడేవాడని తెలిసినవాళ్లకు మాత్రం ఈ పోస్టు ఎందుకో అర్థమవుతుంది.

గొడవ పరకాల దగ్గర మా ఊళ్లోని పొలం గురించి. రోడ్డు పక్క కొన్ని గుంటల భూమి ఎవరిదన్నదే పంచాయితీ. అన్నదమ్ములు మాటలు బంద్ చేసుకున్నారు, రాజీ కాకముందే చిన్నబాపుకు గుండెపోటు వచ్చింది. కానుక అర్పించే ముందు వెళ్లి సహోదరునితో సమాధానపడమని మత్తయి 5లో యేసు చెప్పిన మాటను బాపు పట్టుకున్నాడు. "ఎవరితోని సమాధానపడాలె? మనిషే లేడు గదా" అనేవాడు. "దేవుడు క్షమించిండు, ఇగ మరిచిపో" అని ఇంటికొచ్చిన వాళ్లంతా మంచి మనసుతోనే అన్నారు. అన్న ప్రతిసారీ ఆయన ఇంకా ముడుచుకుపోయాడు.

మా సంఘం పాస్టరు అయ్యగారు ఆ మాట అనలేదు. లూకా 19 తీసి పన్నులు వసూలు చేసే జక్కయ్య సంగతి చదివించారు. యేసు అతని ఇంటికి వస్తాననడం ముందు, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగిస్తానని జక్కయ్య అనడం తర్వాత. "వరుస చూడు. ఇచ్చి క్షమాపణ కొనుక్కోలేదు అతను. నీ తమ్మునికి ఇప్పుడు చెప్పలేనిది సిలువ దగ్గర వదిలెయ్యి. మరదలికి ఇయ్యగలిగింది మాత్రం దేవుని మీద వెయ్యకు" అన్నారు. ఆ రాత్రి బాపు మొదటిసారి నా ముందు ఏడ్చాడు.

ఆ భూమి మా చిన్నమ్మకు (చిన్నబాపు భార్యకు) ఇస్తూ గిఫ్ట్ డీడ్ కాగితాలు దగ్గరుండి రాయించి, తహసీల్దార్ ఆఫీసుకు మాతో వచ్చిన సంఘ పెద్దకు కృతజ్ఞతలు. నిద్రపట్టడానికి మందులిచ్చి, బాపు చెప్పిందంతా ఓపిగ్గా విన్న వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి డాక్టరమ్మకు కూడా. (ప్రార్థన ఉండగా మందులెందుకన్న వాళ్లకు అయ్యగారే గట్టిగా జవాబిచ్చారు, నేను మళ్లీ చెప్పను.) మా పక్కింటి అత్తమ్మ కాజీపేటలోని క్యాథలిక్ చర్చి, ఫాతిమా కెథడ్రల్‌కు వెళ్తారు. తమ దగ్గర పాపసంకీర్తనంలో, అంటే చేసిన తప్పులు ఒప్పుకునేటప్పుడు, గురువు (ఫాదర్) ముందు నోరు తెరిచి చెప్పుకుంటామని, మనసులో అనుకుంటే సరిపోదని బాపును చిన్నమ్మ దగ్గరికి బయల్దేరదీసింది ఆమే.

అందరికంటే ఎక్కువ రుణపడింది చిన్నమ్మకు. బాపు చేతులు జోడిస్తే ఆమె వెంటనే కరిగిపోలేదు. "పొలం సంగతి వేరే, నా మనసు సంగతి వేరే బావా. నాకు టైం పడ్తది. కానీ నువ్వు మా ఇంటికి రాకుండ మాత్రం ఉండకు" అంది. ఉత్త మాటకు "క్షమించిన" అని ఉంటే బాపు నమ్మేవాడు కాదు. ఇది నమ్మాడు. ఇప్పుడు వారం వారం వెళ్లి పిల్లల ఫీజులు, మోటారు రిపేరు చూసి వస్తున్నాడు. చిన్నమ్మ ఇంకా పెద్దగా మాట్లాడదు, చాయ్ మాత్రం పెడుతుంది.

ఎవరి పేర్లూ రాయొద్దని అయ్యగారు ముందే చెప్పారు కాబట్టి రాయలేదు. క్రిస్మస్‌కు చిన్నమ్మ, పిల్లలు మా ఇంటికే వస్తున్నారు. ఆరాధన కాగానే మీరందరూ భోజనానికి రండి.